అమెరికా స్కూల్లో గ్రేడ్లు: మొదటి రిపోర్ట్ కార్డు నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ దాకా

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా కనిపిస్తుంది. "మా పాపకి మ్యాథ్స్‌లో 3 వేశారు. నాలుక్కి మూడంటే 75 శాతమేనా? ట్యూషన్ పెట్టాలా?" కాసేపట్లో కుమాన్ అనే ట్యూషన్ సెంటర్ల అడ్రసులు వరసగా వచ్చి పడతాయి. ఆ 3కి అర్థం ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

వంద మార్కులు, ర్యాంకు, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం: ఇలా చదువుకున్నవాళ్లం మనం. ఇక్కడి గ్రేడును కూడా అదే కళ్లతో చూస్తాం. కానీ ఇక్కడ ఒకే మార్కు ఒక టీచర్ దగ్గర ఏ అవుతుంది, పక్క ఊళ్లో బీ అవుతుంది. గ్రేడు చూడటానికి ముందు దాన్ని ఏ లెక్కతో వేశారో చూడాలి. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందో, ఎలా చదవాలో వరసగా చెబుతాను. మేముండేది టెక్సస్‌లో కాబట్టి ఉదాహరణలు అటువైపే ఎక్కువ వస్తాయి.

1. ముందు రూల్స్ కాగితం సంపాదించండి

మన దగ్గర స్టేట్ సిలబస్‌లో పదో తరగతికి రాష్ట్రమంతా ఒకటే బోర్డు, ఒకటే పద్ధతి. అమెరికాలో చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది, గ్రేడ్ల సంగతి చాలావరకు స్థానిక స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థల) చేతిలో. అలాంటి డిస్ట్రిక్టులు దేశంలో దాదాపు 13 వేలు ఉన్నాయి. అందుకే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే అన్నయ్య చెప్పిన లెక్క న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే చెల్లెలికి పనికిరాదు. నార్త్ కరోలినా హైస్కూళ్లలో ఒకప్పుడు ఏ రావాలంటే 93 తెచ్చుకోవాలి. 2015-16 నుంచి పది పాయింట్ల స్కేలు తెచ్చాక 90 వస్తే చాలు. పిల్లల తెలివి ఆ ఏడాది మారలేదు, గీత మారింది.

మీకు కావలసినవి మూడు: డిస్ట్రిక్ట్ గ్రేడింగ్ పాలసీ, స్కూలు హ్యాండ్‌బుక్, మిడిల్ స్కూల్ నుంచి అయితే ప్రతి టీచర్ ఇచ్చే సిలబస్. మొదటి రెండూ వెబ్‌సైట్‌లో ఉంటాయి. సిలబస్ ఆగస్టులో పిల్లల బ్యాగులోనే వస్తుంది. మనం చదవకుండా సంతకం పెట్టి పంపేసే కాగితం అదే. అందులో నాలుగు విషయాలు వెతకండి: టెస్టులకు, క్విజ్‌లకు, హోంవర్క్‌కు ఎంతెంత వెయిటేజీ, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, రీటేక్ ఉందా, ఉంటే ఎంతవరకు వేస్తారు (కొన్ని చోట్ల రీటేక్‌లో వంద తెచ్చుకున్నా 70కి మించి వేయరు), 89.5ని 90 చేస్తారా చేయరా.

2. చేతిలో ఉన్నది ఏ కాగితమో గుర్తుపట్టండి

ప్రోగ్రెస్ రిపోర్ట్ అంటే మధ్యలో ఇచ్చే సమాచారం. అది ఎక్కడా శాశ్వతంగా నిలవదు. రిపోర్ట్ కార్డు టర్ము చివర వస్తుంది. ఆ టర్ము ఆరు వారాలు కావచ్చు, తొమ్మిది వారాలు కావచ్చు, ఏడాదిని మూడు ముక్కలు చేసిన ట్రైమెస్టర్ కావచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే హైస్కూల్లో చేసిన కోర్సులు, గ్రేడ్లు అన్నీ ఉండే రికార్డు. హైస్కూల్ మొత్తానికి ఒకటే, కాలేజీలకు వెళ్లేది అదే. ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో సీ కనిపిస్తే ఇంకా టైముంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో సీ పడితే అది అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ఎంత టెన్షన్ పడాలో ముందు ఈ తేడాను బట్టి నిర్ణయించుకోండి.

3. చిన్న తరగతుల్లో 1, 2, 3, 4 అంకెలు మార్కులు కావు

ఎలిమెంటరీలో చాలా డిస్ట్రిక్టులు స్టాండర్డ్స్ పద్ధతి వాడతాయి. "రెండంకెల సంఖ్యలు కూడగలడు", "కథలో ముఖ్య విషయం చెప్పగలడు" అన్నట్టు ఒక్కో నైపుణ్యానికి ఒక్కో అంకె వేస్తారు. 3 అంటే ఆ తరగతికి రావలసినది వచ్చేసిందని. 4 అంటే అంతకు మించి చేస్తున్నాడని. 2 అంటే దారిలో ఉన్నాడని, 1 అంటే సాయం కావాలని. వీటిని కూడకూడదు, సగటు తీయకూడదు. 3 వచ్చిన పిల్లకు 25 శాతం తగ్గలేదు, అడిగినదంతా చేసింది.

ఒక మెలిక ఉంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో ఆ అంకెను ఏడాది చివరికి చేరాల్సిన స్థాయితో పోల్చి వేస్తారు. అలాంటి చోట అక్టోబర్‌లో 2 రావడం మామూలే, ఇంకా పాఠమే పూర్తి కాలేదు. మరికొన్ని చోట్ల ఈ టర్ములో చెప్పినంతవరకే చూస్తారు. అక్కడ 2 వస్తే పట్టించుకోవాలి. మీ స్కూల్లో ఏదో టీచర్‌ను ఒక్క ముక్క అడిగితే తెలుస్తుంది. ఖాళీగా వదిలేసిన గడి అంటే ఇంకా ఆ పాఠం మొదలుపెట్టలేదనే చాలాసార్లు.

ప్రవర్తనకు వేరే గడి ఉంటుంది. టెక్సస్‌లో చాలా స్కూళ్లు అక్కడ ఈ, ఎస్, ఎన్, యూ అని వేస్తాయి. మన ఎస్‌ఎస్‌సీ గ్రేడుల్లో ఈ అంటే ఫెయిల్ కాబట్టి ఇండియా నుంచి వచ్చిన తాతగార్లు ఆ గడి చూసి కంగారు పడుతుంటారు. ఇక్కడ ఈ అంటే ఎక్సలెంట్, ఎస్ అంటే సంతృప్తికరం, ఎన్ అంటే మెరుగుపడాలి, యూ అంటే బాగోలేదు. చూడాల్సింది ఎన్, యూ. మార్కులు బాగుండి ఆ ప్రవర్తన గడిలో ఎన్ వస్తే మన ఇళ్లలో దాన్ని దాటేస్తాం. నా లెక్కలో రెండో తరగతి పిల్లవాడి స్పెల్లింగ్ గ్రేడు కన్నా ఆ ఎన్ గురించి టీచర్‌తో మాట్లాడటం ముఖ్యం.

4. వెయిటేజీ లెక్క మీరే ఒకసారి వేసి చూడండి

మిడిల్ స్కూల్‌కు వచ్చేసరికి ఏ, బీ, సీ, డీ, ఎఫ్ మొదలవుతాయి. ఎక్కువ చోట్ల 90 నుంచి ఏ, 80 నుంచి బీ, 70 నుంచి సీ. టెక్సస్‌లో పాస్ మార్కు 70. మన 35 గుర్తుంచుకుని "అరవై ఐదు వచ్చిందిగా, పాసేగా" అనుకునే అమ్మానాన్నలు ఇక్కడే దెబ్బతింటారు. 70 తగ్గితే చదువుతోనే ఆగదు. 1984లో వచ్చిన "నో పాస్, నో ప్లే" చట్టం ప్రకారం ఆటలు, బ్యాండ్, ఆర్కెస్ట్రా పోటీల నుంచి కొన్ని వారాలు పక్కన పెడతారు.

ఒక ఉదాహరణ. సిలబస్‌లో టెస్టులకు 60 శాతం, క్విజ్‌లకు 25, హోంవర్క్‌కు 15 అని ఉంది. అమ్మాయి సగటు టెస్టుల్లో 82, క్విజ్‌ల్లో 90, హోంవర్క్‌లో 100.

82లో 60 శాతం 49.2. 90లో 25 శాతం 22.5. హోంవర్క్ 15. మొత్తం 86.7, అంటే బీ.

ఇప్పుడు పది హోంవర్కుల్లో ఒకటి ఇవ్వలేదు, సున్నా పడింది. హోంవర్క్ సగటు 90కి దిగింది, మొత్తం 85.2 అయింది. ఇంకా బీయే. అదే హోంవర్కులన్నీ ఇచ్చి, నాలుగు టెస్టుల్లో 82 చొప్పున తెచ్చుకుని, జ్వరం వచ్చి అయిదోది రాయలేదు, దాని బదులు తర్వాత రాసే మేకప్ టెస్ట్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆ గడిలో సున్నా పడింది అనుకుందాం. టెస్టుల సగటు 65.6 అవుతుంది. మొత్తం 76.9 దగ్గర, అంటే సీ. అమ్మాయికి పాఠం రాకపోవడం వల్ల గ్రేడు పడలేదు, ఒక కాగితం లేకపోవడం వల్ల పడింది. ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లో గ్రేడు ఉన్నట్టుండి దిగితే మొదట వెతకాల్సింది "మిస్సింగ్" అని ఉన్న గడి. తిట్లు తర్వాత.

వెయిటేజీ కాకుండా మొత్తం పాయింట్ల పద్ధతి వాడే టీచర్లూ ఉంటారు. అక్కడ 100 పాయింట్ల ప్రాజెక్ట్ ఒక్కటి 10 పాయింట్ల హోంవర్కులు పదింటికి సమానం. రెండు పద్ధతుల్లో అదే పిల్లకు వేర్వేరు గ్రేడ్లు రావచ్చు.

సెమిస్టర్ చివర ఇంకో లెక్క. చాలా హైస్కూళ్లలో రెండు క్వార్టర్లకు 40 శాతం చొప్పున, ఫైనల్ పరీక్షకు 20 శాతం ఉంటుంది. అబ్బాయికి మొదటి క్వార్టర్ 87, రెండోది 91 వచ్చాయి. 34.8, 36.4 కలిపితే 71.2. ఏ కావాలంటే 90, ఇంకా 18.8 కావాలి. దాన్ని 0.2తో భాగిస్తే ఫైనల్‌లో 94 రావాలి. అదే స్కూలు 89.5ని 90గా లెక్కిస్తే 91.5 సరిపోతుంది. రౌండింగ్ రూలు చూడమని ముందే చెప్పింది ఇందుకే. ఈ లెక్క డిసెంబర్‌లో పిల్లల చేతే వేయించండి. ఏ సబ్జెక్ట్‌కు ఎన్ని గంటలు పెట్టాలో వాళ్లకే తెలిసిపోతుంది, మనం చెప్పనక్కర్లేదు.

5. జీపీఏ రెండు రకాలు, పక్కింటివాళ్లది మూడో రకం

హైస్కూల్లో గ్రేడుకు పాయింట్లు ఇస్తారు: ఏ 4, బీ 3, సీ 2, డీ 1, ఎఫ్ 0. వీటి సగటే అన్‌వెయిటెడ్ జీపీఏ (గ్రేడ్ పాయింట్ యావరేజ్). కష్టమైన కోర్సులకు అదనపు పాయింటు కలిపితే వెయిటెడ్. మామూలు కోర్సు కన్నా కష్టమైన ఆనర్స్‌కు అరపాయింటు, కాలేజీ స్థాయిలో ఉండే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సుకు ఒక పాయింటు కలపడం ఎక్కువగా కనిపించే పద్ధతి.

ఆరు సబ్జెక్టులు తీసుకుందాం. ఏపీ బయాలజీలో బీ, ఏపీ వరల్డ్ హిస్టరీలో ఏ, ఆనర్స్ ఇంగ్లిష్‌లో ఏ, ఆనర్స్ ప్రీకాల్క్యులస్‌లో బీ, స్పానిష్‌లో ఏ, ఆర్కెస్ట్రాలో ఏ. అన్‌వెయిటెడ్: 22ని ఆరుతో భాగిస్తే 3.67. వెయిటెడ్: 4, 5, 4.5, 3.5, 4, 4 కలిపితే 25, ఆరుతో భాగిస్తే 4.17.

ఇందులో ఒక చిక్కుంది. ఆర్కెస్ట్రాలో ఏ తెచ్చుకున్నా ఆ 4 పాయింట్లు 4.17 కన్నా తక్కువ. అంటే వయొలిన్ బాగా వాయించినందుకు వెయిటెడ్ సగటు కాస్త కిందికి దిగింది. ర్యాంకు కోసం పోటీ పడే స్కూళ్లలో పిల్లలు పదకొండో తరగతిలో సంగీతం మానేసి ఇంకో ఏపీ పెట్టుకోవడానికి ఇదే కారణం. ఇది ఆ పద్ధతిలో ఉన్న లోపమే. కొన్ని డిస్ట్రిక్టులు ఫైన్ ఆర్ట్స్‌ను ర్యాంకు లెక్కలోంచి తీసేశాయి, కోర్సు కేటలాగ్‌లో చూడండి. తీయని చోట ఆ చిల్లర పాయింట్ల కోసం వయొలిన్ మాన్పించకండని నా మాట.

డిస్ట్రిక్టును బట్టి స్కేలు 5కి ఉంటుంది, 6కి ఉంటుంది, వంద దాటే అంకెల్లోనూ ఉంటుంది. కాబట్టి "వాళ్లబ్బాయికి 4.6 అట" అనే మాటతో ఏమీ తేలదు. కాలేజీలు కూడా ఆ అంకెను యథాతథంగా తీసుకోవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా తన లెక్క తనే వేసుకుంటుంది: పది, పదకొండు తరగతుల్లో తాను గుర్తించిన సబ్జెక్టులు మాత్రమే, ప్లస్ మైనస్‌లు లేకుండా, ఆనర్స్ అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకు మించకుండా.

చాలా రాష్ట్రాల్లో హైస్కూళ్లు ర్యాంకు ఇవ్వడం మానేశాయి. టెక్సస్ కథ వేరు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం స్కూల్లో పైనున్న పది శాతం మందికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు మాత్రం ఆ గీత ఆరు శాతంగా ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి అయిదు శాతం చేశారు. సీటు ఖాయమంటే యూనివర్సిటీలో సీటే, కంప్యూటర్ సైన్స్‌లో అని కాదు.

6. పరీక్షల రిపోర్టులను గ్రేడ్లతో కలపకండి

రిపోర్ట్ కార్డుతో పాటు ఇంకొన్ని కాగితాలు వస్తాయి. మ్యాప్ అనే పరీక్ష ఏడాదికి రెండు మూడు సార్లు పెడతారు. అందులో 78 పర్సంటైల్ అంటే 78 మార్కులు కాదు, దేశంలో అదే తరగతి పిల్లల్లో 78 శాతం మంది కన్నా ముందున్నాడని అర్థం. అదే కాగితం మీద ఎదుగుదలను కొలిచే రిట్ స్కోరు ఉంటుంది. ఫాల్ నుంచి స్ప్రింగ్‌కు అది ఎంత పెరిగిందో చూడండి. పర్సంటైల్ రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు.

టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో నాలుగు మెట్లు: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ దాకా వస్తే పాస్. ఏపీ పరీక్షలు మేలో జరుగుతాయి, 1 నుంచి 5 వరకు స్కోరు జూలైలో వస్తుంది. స్కూలు ఇచ్చే కోర్సు గ్రేడు వేరు, ఏపీ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డ్ ఇచ్చే ఈ స్కోరు వేరు. క్లాసులో ఏ వచ్చి పరీక్షలో 3 వచ్చిన పిల్లలు ఉంటారు, బీ వచ్చి 5 తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు.

7. ఇంట్లో తెలుగు అని రాసినందుకు వచ్చే ఉత్తరం

స్కూల్లో చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగు అని రాస్తే అమెరికాలోనే పుట్టిన పిల్లకైనా ఇంగ్లిష్ స్క్రీనింగ్ పరీక్ష పెడతారు. ఆ ఫలితం చూసి "మా పాపను ఇంగ్లిష్ రాని పిల్లల్లో పడేశారు" అని బాధపడటం, "ఇంగ్లిష్ అని రాసేయండి, గొడవ ఉండదు" అని సలహాలివ్వడం మనవాళ్లలో మామూలు. నిజమే రాయండి. ఇది గ్రేడు కాదు, జీపీఏలో కలవదు. ఇంగ్లిష్ బాగా వస్తే స్క్రీనింగ్‌లోనే తేలిపోతుంది. రాకపోతే అదనపు సాయం దొరుకుతుంది. ఆ జాబితాలో ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది: చాలా రాష్ట్రాల్లో విడా అనే సంస్థ తయారుచేసిన యాక్సెస్, టెక్సస్‌లో టెల్పాస్, కాలిఫోర్నియాలో ఎల్పాక్. ప్రత్యేక క్లాసు వద్దని రాసివ్వవచ్చు, పరీక్ష మాత్రం తప్పదు.

8. పోర్టల్, తర్వాత టీచర్

పవర్‌స్కూల్, స్కైవార్డ్, ఇన్ఫినిట్ క్యాంపస్: ఇవి గ్రేడ్లు చూపించే ఆన్‌లైన్ పోర్టల్స్. వీటిలో ఏదో ఒకదానిలో పేరెంట్ లాగిన్ మీకు ఇస్తారు. టీచర్లు పాఠాలు, అసైన్‌మెంట్లు పెట్టే కాన్వాస్‌లో కనిపించే గ్రేడు, ఈ పోర్టల్‌లో కనిపించేది ఒక్కోసారి కలవవు. సాధారణంగా లెక్కలోకి వచ్చేది పోర్టల్‌లోదే. ప్రతి మార్కుకూ ఫోన్ మోగేలా అలర్టులు పెట్టుకుని, పిల్ల ఇంకా క్లాసులో ఉండగానే "72 ఏంటి?" అని మెసేజ్ కొట్టడం మాత్రం వద్దు. టీచర్ సగం మార్కులే ఎక్కించి ఉండవచ్చు. వారానికోసారి, ఆదివారం సాయంత్రం, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే చాలు.

సందేహం వస్తే హైస్కూల్లో మొదట పిల్లలే టీచర్‌ను అడగాలి. ఇక్కడి టీచర్లు దాన్ని ఇష్టపడతారు. పని కాకపోతే మీరు మెయిల్ రాయండి. "గ్రేడు ఎందుకు తగ్గించారు" అని కాకుండా ఏ తేదీ, ఏ అసైన్‌మెంట్, పోర్టల్‌లో ఏం కనిపిస్తోంది, ఇంటికి వచ్చిన కాగితంలో ఏముంది అని రాస్తే జవాబు త్వరగా వస్తుంది. పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కు పది పదిహేను నిమిషాలే ఇస్తారు. "ఎలా చదువుతున్నాడండీ" అని మొదలుపెడితే ఆ టైమంతా పొగడ్తలతోనే అయిపోతుంది. వాడు రాసిన ఒక పేపర్ చూపించమనండి, అందులో ఏ అడుగు దగ్గర తప్పుతున్నాడో అడగండి.

ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే తెలుగు అనువాదకులు కావాలని వారం ముందే చెప్పండి. డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేయాల్సింది స్కూలే. ఫోన్‌లో లైన్ కలిపి మాట్లాడించే సౌకర్యమూ ఉంటుంది. పిల్లవాడి గ్రేడు గురించి పిల్లవాడి చేతే అనువాదం చేయించుకోకండి!

9. ఇండియా నుంచి మధ్యలో వస్తుంటే

మన దగ్గర తొమ్మిదో తరగతిని ఎవరూ పెద్దగా లెక్కచేయరు, పది వచ్చాక చూసుకుందాం అంటారు. అమెరికాలో హైస్కూల్ తొమ్మిదితో మొదలవుతుంది, పాసైన కోర్సులకు ఇచ్చే క్రెడిట్లూ చాలావరకు అక్కడి నుంచే. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విమానం ఎక్కేముందే తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు స్కూలు ముద్రతో, ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకోండి. పది అయిపోతే మెమో, టీసీ, సబ్జెక్టుల వారీగా సిలబస్ కూడా.

దీనికన్నా ముఖ్యమైన కాగితం ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు: మార్కుల స్కేలును వివరించే ఉత్తరం. కోర్సులు, క్రెడిట్లు చూసే ఇక్కడి స్కూలు కౌన్సెలర్ 78ని ఇక్కడి కళ్లతో చూస్తే సీ అంటారు. మన ఎస్‌ఎస్‌సీలో చాలా సబ్జెక్టులకు వాడుతూ వచ్చిన గ్రేడ్ల స్కేలులో 71 నుంచి 80 దాకా బీ1, 81 నుంచి 90 దాకా ఏ2, ఆ పైన ఏ1, పాస్ మార్కు 35 అని స్కూలు లెటర్‌హెడ్ మీద రాసి ఉంటే మార్పిడి కాస్త న్యాయంగా జరిగే అవకాశముంది. కొన్ని డిస్ట్రిక్టులు విదేశీ మార్కులను అక్షరాల్లోకి మార్చి జీపీఏలో కలుపుతాయి. కొన్ని "పాస్" అని క్రెడిట్ మాత్రమే ఇస్తాయి. ఏది చేస్తారో చేర్పించిన రోజే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

10. ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఏటా ఒకసారి సరిచూడండి

1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం మీ పిల్లల రికార్డులు చూసే హక్కు మీకుంది. అడిగిన 45 రోజుల్లోపు స్కూలు చూపించాలి. తప్పుగా ఎక్కినదాన్ని సరిచేయమని కోరవచ్చు. టీచర్ బీ వేయడం అన్యాయమని వాదించడానికి మాత్రం ఈ చట్టం పనికిరాదు. బీ బదులు సీ ఎక్కితే పనికొస్తుంది. పిల్లలకు 18 నిండితే, లేదా కాలేజీలో చేరితే, ఆ హక్కు వాళ్లకు వెళ్లిపోతుంది.

చూడాల్సినవి: మిడిల్ స్కూల్లో చేసిన ఆల్జీబ్రా క్రెడిట్ ఎక్కిందా, కొన్ని చోట్ల ఆ గ్రేడు హైస్కూల్ జీపీఏలోనూ కలుస్తుంది, ఆనర్స్ కోర్సు మామూలు కోర్సుగా పడిందా, సమ్మర్‌లో చేసిన ఆన్‌లైన్ కోర్సు కనిపిస్తోందా, స్కూలు మారితే పాత స్కూలు వెయిటెడ్ పాయింట్లు వచ్చాయా. పన్నెండో తరగతిలో సీటు వచ్చేశాక కూడా కాలేజీ చివరి ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకుంటుంది. గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే మే చివరలోనో జూన్ మొదట్లోనో, కౌన్సెలర్లు సెలవుల్లోకి వెళ్లకముందే, రిపోర్ట్ కార్డు కాపీ జతచేసి మెయిల్ పెట్టండి.